బెంచీ మీద కూర్చునే పిల్లలకు

మారేడ్‌పల్లి, హైదరాబాద్

ప్రియమైన పిల్లలూ,

మొన్న మ్యాచ్ అయ్యాక మీలో కొందరు ముఖాలు ముడుచుకుని వెళ్లారు. కోచ్ ఆడించలేదని బాధ. అందుకే మీకు స్టీవ్ కెర్ గురించి చెప్పాలనిపించింది. పొద్దున్నే లేచి మీరు చూసే అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ కోచ్ ఆయనే.

1965లో బేరూత్‌లో పుట్టారు. కాలేజీలో చేరిన మొదటి ఏడాదే, 1984 జనవరిలో, బేరూత్‌లోని అమెరికన్ యూనివర్సిటీ అధ్యక్షుడైన ఆయన తండ్రిని కాల్చి చంపారు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు! అయినా ఆట వదల్లేదు.

ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. మన దగ్గర పొడగరే గానీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పొట్టివాళ్ల కిందే లెక్క. వేగమూ అంతంతమాత్రమే. ఉన్నదల్లా గురి. వేసిన త్రీ పాయింటర్లలో (దూరపు గీత బయటి నుంచి వేసే, మూడు పాయింట్ల షాట్లు) 45.4 శాతం బుట్టలో పడ్డాయి, ఆ రికార్డు ఇప్పటికీ ఆయనదే. అంత గురి ఉన్నా, 910 లీగ్ మ్యాచ్‌లు ఆడితే మొదటి ఐదుగురిలో దిగింది 30 సార్లే. మిగతావన్నీ బెంచీ మీంచి లేచి ఆడినవే.

1997 ఎన్‌బీఏ ఫైనల్స్, ఆరో మ్యాచ్. ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టుకే కప్పు. కెర్ ఆడే చికాగో బుల్స్, అవతలి యూటా జాజ్ చెరో 86 పాయింట్లు. టైమవుట్‌లో తన జట్టు స్టార్ మైకేల్ జోర్డాన్‌తో, నన్ను అడ్డుకునేవాడు నీ మీదికొస్తే బంతి నాకివ్వు, రెడీగా ఉంటానన్నారు కెర్. అలాగే జరిగింది. ఐదు సెకన్లుండగా ఆయన వేసిన షాట్‌తో బుల్స్ కప్పు గెలిచింది.

నాకు ఇంకా ఇష్టమైంది 2003 నాటిది. శాన్ ఆంటోనియో స్పర్స్‌లో 37 ఏళ్ల కెర్‌కు ఆ ఏటి ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం ఆడే చివరి రౌండ్లలో) ఆడే అవకాశమే పెద్దగా రాలేదు. డల్లాస్‌తో ఆరో మ్యాచ్‌లో జట్టు వెనకబడ్డాక పిలుపొచ్చింది. నాలుగు త్రీ పాయింటర్లు వేశారు, నాలుగూ పడ్డాయి! రోజూ ప్రాక్టీస్ చేసిన చేతికే అది సాధ్యం.

2014లో వారియర్స్ కోచ్ అయ్యారు. మరుసటి ఏడాది ఫైనల్స్‌లో జట్టు మ్యాచ్‌ల్లో 1-2తో వెనకబడ్డప్పుడు, సీజనంతా బెంచీ మీంచే ఆడిన ఆటగాడు ఇగుడాలాను మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. ఆ ఐడియా ఇచ్చింది స్టాఫ్‌లోని ఒక కుర్రాడు, పాత మ్యాచ్‌ల వీడియోలు చూసి. ఆ మాట కెర్ అందరి ముందూ చెప్పారు. వారియర్స్ వరసగా మూడు గెలిచింది, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు ఇగుడాలాయే.

ఆదివారం వచ్చేటప్పుడు తలా ఒక నోట్‌బుక్ తెచ్చుకోండి. బెంచీ మీద ఉన్నంతసేపూ అవతలి జట్టులో బంతి నడిపించే గార్డు ఏ వైపు డ్రిబుల్ చేస్తున్నాడో, ఎవరు అలిసిపోయి డిఫెన్స్‌కి ఆలస్యంగా వస్తున్నారో రాసి, టైమవుట్‌లో కోచ్‌కి చెప్పండి.

మీ
తాతయ్య