చేప బెంగ పెట్టుకోలేదు, ఫిల్టర్ కడిగేశారు

"అన్నా, 3 రోజులాయె, ఏం తింటలేదు, మూలకు పోయి కూసుంటున్నది, పాతోళ్ల మీద బెంగ పెట్టుకున్నట్టుంది."

హన్మకొండ, కాజీపేట ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పిల్లలు చదువుకు విదేశాలకు పోతారు, రైల్వే వాళ్లకు బదిలీ అవుతుంది, లేదంటే అద్దె ఇల్లు మారాల్సి వస్తుంది. అప్పుడు అక్వేరియంలో పెంచుకున్న అడుగు పొడవు చేపను, అంటే ఫ్లవర్‌హార్న్‌నో ఆస్కార్‌నో పక్కింటివాళ్లకో, తమ్ముడికో అప్పజెప్పి వెళ్తారు. తీసుకునేవాళ్లు ప్రేమతోనే తీసుకుంటారు. ఏళ్ల తరబడి బతికిన ఆ చేప కొత్త ఇంట్లో వారం తిరగకముందే చచ్చిపోతుంది. అందుకే ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలని రాస్తున్నాను, మిగతా అపోహలు తర్వాత.

అపోహ: పాత ట్యాంకు మురికిగా ఉంటుంది, ఇంటికి తెచ్చే ముందే ట్యాంకు, రాళ్లు, ఫిల్టర్ అన్నీ తళతళలాడేలా కడిగి కొత్త నీళ్లు పోయాలి.

వాస్తవం: చేపల్ని చంపుతున్నది ఈ శుభ్రమే. ఫిల్టర్ స్పాంజ్‌కు పట్టిన ఆ గోధుమ రంగు జిగురులోనే మీ చేప ప్రాణం ఉంది. చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండేది అక్కడే, నీళ్లలో ఉండేది చాలా తక్కువ. స్పాంజ్‌ను మున్సిపల్ నల్లా కింద పిండితే క్లోరిన్ కొంత చంపుతుంది, సబ్బు పెడితే ఇంకొంత పోతుంది, మిద్దె మీద ఎండలో ఆరబెడితే మిగిలింది కూడా పోతుంది. అది మళ్లీ పూర్తిగా తయారవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చిన్న గప్పీలైతే ఎలాగో నెట్టుకొస్తాయేమో గాని, ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటి 10 అంగుళాల సిక్లిడ్ జాతి చేప రోజూ పెల్లెట్స్ తిని వదిలే అమ్మోనియా ముందు అన్ని వారాలు ఆగే పరిస్థితి ఉండదు, 2, 3 రోజుల్లోనే మొప్పలు కాలిపోవడం మొదలవుతుంది.

కాజీపేటలో ఒక రైల్వే క్వార్టర్స్‌కు వెళ్లినప్పటి సంగతి చెబుతాను. పక్కింటాయనకు బదిలీ అయితే ఆయన ఫ్లవర్‌హార్న్‌ను వీళ్లు తీసుకున్నారు, పదో తరగతి చదివే బాబు దాని మీద ప్రాణం పెట్టుకున్నాడు. తల్లి, కొడుకు కలిసి ఆదివారం అంతా కష్టపడి ట్యాంకు తోమారు, ఫిల్టర్‌లోని సిరామిక్ రింగుల్ని రెండు రోజులు ఎండలో ఆరబెట్టారు. నేను వెళ్లేసరికి చేప ఎయిర్ స్టోన్ పక్కన పైకి వచ్చి నోరు తెరిచి గబగబా ఊపిరి తీస్తోంది, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. టెస్ట్ కిట్‌లో చుక్కలు వేస్తే అమ్మోనియా ముదురు ఆకుపచ్చ, అంటే చాలా ఎక్కువ. ఆ తల్లి కళ్ల నీళ్లు పెట్టుకుని "మంచిగ కడిగినం కదన్నా, ఏం తప్పు చేసినం" అని అడుగుతుంటే ఏం చెప్పాలి? వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. యాంటీ క్లోరిన్ (నల్లా నీళ్లలోని క్లోరిన్‌ను పోగొట్టే మందు) కలిపిన నీళ్లతో వెంటనే సగం నీళ్లు మార్చాం, మా ఇంటికి వెళ్లి నా ట్యాంకులో నడుస్తున్న ఫిల్టర్ నుంచి ఒక స్పాంజ్ తడిగానే తెచ్చి వాళ్ల ఫిల్టర్‌లో పెట్టాను, మేత ఆపించాను, రోజూ పావు వంతు నీళ్లు మార్చమన్నాను. పదో రోజున ఆ బాబు ఫోన్ చేసి "అన్నా తిన్నది" అన్నాడు. అన్నిసార్లూ అలా జరగదు. నేను ఈ చేపల పనిలోకి వచ్చిన కొత్తలో ఒకాయన ఇచ్చిన ఆస్కార్‌ను నా చేతులతోనే ఇదే తప్పు చేసి చంపుకున్నాను, అది చివరి రోజు కూడా చేయి చూసి మేత కోసం దగ్గరికి వచ్చింది. అది ఇప్పటికీ మర్చిపోలేను.

ఇక బెంగ సంగతి. పెద్ద సిక్లిడ్‌లు ఇల్లు మారితే అలుగుతాయి, అది నిజమే. ఆస్కార్ అయితే అడుగున పక్కకు ఒరిగి పడుకుని మనల్ని భయపెడుతుంది. వారం, పది రోజులు తినకపోయినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు ఏమీ కాదు, టెన్షన్ పడకండి. కానీ ఊపిరి చూడండి. అలిగిన చేప నింపాదిగా ఊపిరి తీసుకుంటూ కదలకుండా ఉంటుంది. మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నా, పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తున్నా అది బెంగ కాదు, ఎదురుచూడకుండా ఆ గంటలోనే నీళ్లు పరీక్షించండి.

తెచ్చే రోజు చేయాల్సింది: ముందు రోజు మేత పెట్టొద్దు. మూత ఉన్న 20 లీటర్ల పెయింట్ బకెట్‌లో, రంగు పోయేదాకా కడిగినది, చేపను పాత నీళ్లతోనే తేవాలి. ఫిల్టర్ మీడియాను, అంటే లోపలి స్పాంజ్‌ను, రింగుల్ని, వేరే బకెట్‌లో ట్యాంకు నీళ్లలో మునిగేలా, మూత తీసి తేవాలి, ఎందుకంటే ఆ బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి, గంటల తరబడి మూసి ఉంచితే చస్తుంది. కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడూ అంతే. పాత నీళ్లు సగమైనా తెచ్చుకోండి. మరీ మురికిగా ఉంటే స్పాంజ్‌ను ఆ పాత నీళ్లలోనే మెల్లగా పిండండి, అంతకు మించి వద్దు.

దీనికి తోడు ఇంకో నమ్మకం ఉంది, మినరల్ వాటర్ క్యాన్ నీళ్లయితే చేపకు మంచిదని. మనిషికి మంచిదే. ఆ నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు కాబట్టి నెలల తరబడి వాడితే పీహెచ్ పడిపోతుంది, అంటే నీళ్లు పుల్లబడతాయి. ఆ పుల్లని నీళ్లలో అమ్మోనియా పేరుకున్నా ఎక్కువగా అమ్మోనియం రూపంలో ఉండి అంతగా హాని చేయదు. అదే ట్యాంకులో మీరు వచ్చీరాగానే సగం తీసి మన బోరు నీళ్లు, ఉప్పదనం, గట్టిదనం ఉన్నవి, ఒకేసారి పోస్తే పీహెచ్ ఎగిసి, ఆ అమ్మోనియం విషంగా మారుతుంది. "కొత్త నీళ్లు పోసినం, రాత్రికే పోయింది" అని చెప్పేవాళ్ల కథ చాలాసార్లు ఇదే. పాత యజమానిని ఏ నీళ్లు పోసేవారో అడగండి, మొదటి 2 వారాలు రోజుకు పదో వంతు చొప్పున మార్చండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"ట్యాంకు ఎంతో చేప అంతే పెరుగుతుంది." కాదు, గిడసబారుతుంది, జబ్బు పడుతుంది. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో 56 లీటర్లే పడతాయి. ఆస్కార్‌కైనా ఫ్లవర్‌హార్న్‌కైనా 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంటే దాదాపు 255 లీటర్లు కావాలి.

"ఒంటరిగా ఉంది, తోడు తేవాలి." ఒక్కటే ఉండటం దానికి కష్టం కాదు. తోడు తెస్తే రాత్రికి రాత్రే చంపేయొచ్చు, ఆ ట్యాంకు మొత్తం తనదే అనుకుంటుంది. అద్దానికి కొట్టుకునేది కూడా చాలాసార్లు తన నీడను చూసే, మీ మీద పగతో కాదు. గాజు హీటర్‌కు ప్లాస్టిక్ గార్డ్ తప్పక వేయండి, ఇవి పగలగొడతాయి. చేయి పెట్టే ముందు ప్లగ్ తీయండి, చేతికి గాయం ఉంటే పెట్టకండి.

"తల తగ్గింది, దుకాణపాయన మోసం చేశాడు." నీళ్లు, ఒత్తిడి, మేత వల్ల హంప్ (ఫ్లవర్‌హార్న్ నెత్తి మీది బుడిపె) తగ్గడం మామూలే, రంగు కూడా పోతుంది.

"చేప చచ్చిపోతే ఇంటి కీడు దాని మీద వేసుకుని పోయినట్టు." ఇది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఫ్లవర్‌హార్న్ 1990లలో మలేషియాలో మనుషులు సిక్లిడ్‌లను కలిపి పుట్టించిన రకం, దానికి మీ వాస్తుతో సంబంధం లేదు. ఈ మాట నమ్మినవాళ్లు చేప ఎందుకు పోయిందో వెతకరు, అదే ఫిల్టర్ మళ్లీ కడిగి అదే ట్యాంకులో ఇంకొకటి తెచ్చి వేస్తారు.

చూసుకోలేకపోతున్నాం, వడ్డేపల్లి చెరువులోనో భద్రకాళి చెరువులోనో వదిలేస్తాం అని కొందరు అడుగుతారు. దయచేసి వద్దు. అది బతికితే మన చెరువు చేపల పిల్లల్ని తింటుంది, బతకకపోతే చలికి, ఆకలికి నెమ్మదిగా చస్తుంది. ఊళ్లోని అక్వేరియం దుకాణాల్లో అడగండి, ఉచితంగా ఇస్తామంటే తీసుకునేవాళ్లు దొరుకుతారు. ఇచ్చేటప్పుడు ఏ నీళ్లు పోస్తున్నారో, ఎప్పుడు మార్చారో ఒక కాగితం మీద రాసివ్వండి, ఫిల్టర్‌ను కడగకుండా తడిగా అలాగే చేతికివ్వండి.