తప్పంతా మేనరికానిదేనా? ఓ కొలెస్ట్రాల్ జబ్బు వెనక కథ

మోచేతుల మీదా మోకాళ్ల మీదా పసుపుపచ్చ గడ్డలున్న ఓ పాప ఫొటో నాలుగు రోజులుగా అనంతపురం, కడప వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పెట్టినవాళ్లు పాప మొహం కూడా దాచలేదు. రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 700 దాటింది. పాప తండ్రి చేసుకున్నది అక్క కూతుర్నే. దాంతో మేనరికం మీద పాత గొడవే మళ్లీ రేగింది. అక్క కూతుర్ని చేసుకుంటే ఇట్లే అవుతాదని ఒకరు, చెనిక్కాయ నూనె, నాటుకోడి మానిపించమని ఇంకొకరు. తల్లి మాట విన్నవాళ్లు తక్కువ. ఆమె చెప్పేది ఒక్కటే: రెండేళ్ల కిందట ఆ గడ్డలను కోసి తీశారు, మళ్లీ వచ్చాయి. అప్పుడు రక్తపరీక్ష ఎవరూ రాయలేదు.

కొలెస్ట్రాల్లో మంచిది, చెడ్డది అనే పాఠం అందరికీ వచ్చు కాబట్టి వదిలేస్తున్నా. ఈ జబ్బు పేరు ఫెమీలియల్ హైపర్‌కొలెస్ట్రొలీమియా, డాక్టర్లు పొట్టిగా ఎఫ్‌హెచ్ అంటారు. దీని కథను చాలామంది 1973లో అమెరికాలోని డల్లాస్ నుంచి మొదలుపెడతారు. మన గొడవకు పనికొచ్చేది మాత్రం అంతకు తొమ్మిదేళ్ల ముందు లెబనాన్ రాజధాని బీరుట్‌లో జరిగింది.

లెబనాన్‌లోనూ దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు కొత్త కాదు. అక్కడి అమెరికన్ యూనివర్సిటీలో పనిచేసిన ఆవెడిస్ ఖచదూరియన్ గడ్డలున్న పిల్లలను చూసి అంతటితో ఆగలేదు. ఇంట్లోవాళ్లందరి రక్తమూ పరీక్షించాడు. 1964లో అచ్చయిన ఆయన లెక్క ప్రకారం ఒకే కుటుంబంలో మూడు రకాల మనుషులు తేలారు. కొందరికి కొలెస్ట్రాల్ మామూలుగా ఉంది. కొందరికి రెండింతలు ఉంది, చిన్న వయసులో పైకేమీ తెలియదు. గడ్డలున్న పిల్లలకు నాలుగింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ పిల్లల తల్లీ తండ్రీ ఇద్దరూ రెండో రకంవాళ్లే. ఒక్కొక్కరి నుంచి ఒక్కో చెడిన జన్యువు వచ్చి బిడ్డలో రెండూ కలిశాయి.

ఈ లెక్కను మన ఇళ్లకు తెచ్చి చూద్దాం. మామకు చెడిన జన్యువు ఒకటి ఉందనుకోండి. అతని అక్కకు అది ఉండే అవకాశం సగం, అక్క కూతురికి నాలుగో వంతు. అదే బయటి సంబంధమైతే ఇంచుమించు 250 నుంచి 300 మందిలో ఒకరికి. ఇద్దరికీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి మేనరికం మీద వేలు చూపేవాళ్ల మాట అబద్ధమేమీ కాదు. కాకపోతే వాళ్లు సగమే చెబుతున్నారు. మేనరికం ఆ జన్యువును పుట్టించదు. పెళ్లికి ముందే అది ఆ ఇంట్లో ఉంది. బయటి సంబంధం చేసుకున్నా ఆ మామ గుండెకు ముప్పు తప్పేది కాదు. మందులు వాడకపోతే అలాంటి మగవాళ్లలో దాదాపు సగం మందికి యాభై ఏళ్లలోపే గుండెజబ్బు పట్టుకుంటుంది.

ఈ పాప కుటుంబంలో ఆ జాడ ముందే ఉంది. జేజినాయన నలభై రెండేళ్లకు చేనుగట్టు మీద ఎద పట్టుకొని కూలబడ్డాడు. మేనరికం కదా, ఆయన పాపకు తండ్రివైపు జేజినాయన, తల్లివైపు ముత్తాత. ఎండదెబ్బ అనుకున్నారు.

ఇక నూనె, నాటుకోడి సంగతి. దానికి డల్లాసే జవాబిచ్చింది. అక్కడి పరిశోధకులు మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ ఇలాంటి రోగుల చర్మకణాలను గాజుపళ్లెంలో పెంచారు. మామూలు కణానికి ఎల్‌డీఎల్, అంటే రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే రేణువు, అందిస్తే అది సొంతంగా కొలెస్ట్రాల్ తయారు చేసుకోవడం తగ్గిస్తుంది. రోగి కణం ఎంత అందించినా తగ్గించలేదు. ఆ ఎల్‌డీఎల్ రేణువును పట్టి లోపలికి లాగే రిసెప్టర్ ఆ కణం మీద లేదు. మామూలుగా ఈ రిసెప్టర్ రేణువును లోపల దించి, పది నిమిషాలకోసారి మళ్లీ పైకి వస్తుంది. అది లేనప్పుడు రెండున్నర రోజుల్లో పోవాల్సిన రేణువు అయిదు రోజులు రక్తంలోనే తిరుగుతుంది. పైగా ఎల్‌డీఎల్‌గా మారకముందే లివర్ పట్టుకోవాల్సిన రేణువులూ తప్పించుకొని ఎల్‌డీఎల్‌గా మారతాయి. మిగిలిపోయింది రక్తనాళాల గోడల్లో, చర్మం కింద, కీళ్ల దగ్గర చేరుతుంది. గడ్డ కోసి తీసినా మళ్లీ రావడం ఇందుకే. కోడికూర మానితే 700 కాస్త తగ్గుతుందేమో గానీ 200కి రాదు. ఈ పరిశోధనకు 1985లో నోబెల్ వచ్చింది.

ఒక చిత్రం ఏమిటంటే, ఈ పిల్లల రక్తం గొట్టంలో తేర్చి చూస్తే సీరం తేటగానే కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు అనే వేరే రకం కొవ్వు బాగా పెరిగినవాళ్లదైతే పాలలా తెల్లబడుతుంది. ఎల్‌డీఎల్ రేణువు సుమారు 22 నానోమీటర్లే, వెలుగును అడ్డుకోలేనంత చిన్నది. ల్యాబ్‌లో కుర్రాడు గొట్టం చూసి ఏమీ పట్టుకోలేడు. మిషన్ 700 చూపిస్తే ముందు మిషన్‌నే అనుమానిస్తాడు.

మందుల కథ క్లుప్తంగా. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో స్టాటిన్లు అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందులకు దారి వేశాడు. అవి ఉన్న రిసెప్టర్లను పెంచుతాయి కాబట్టి, ఒక్క చెడ్డ జన్యువున్న పెద్దవాళ్లకు బాగా పనిచేస్తాయి. రిసెప్టరే లేని పిల్లలకు చేసే మేలు తక్కువ. వాళ్లకు వారానికో రెండు వారాలకో రక్తం నుంచి ఎల్‌డీఎల్ వడకట్టాలి. రిసెప్టర్‌తో పనిలేని ఎవినాకుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది గానీ, దాని ధర మామూలు కుటుంబాలు ఊహించుకునేది కాదు.

బీరుట్‌లో 1964లోనే ఇంటిల్లిపాదికీ చేసిన పరీక్ష ఇప్పుడు మన ఊళ్ల ల్యాబుల్లో కొన్ని వందల రూపాయలకు అయిపోతుంది. పాప తండ్రికి ముప్పై ఆరేళ్లు, లిపిడ్ ప్రొఫైల్ అనే ఆ కొలెస్ట్రాల్ పరీక్ష ఇంతవరకూ చేయించుకోలేదు. పాపకు నాలుగేళ్ల తమ్ముడున్నాడు. వాడి మోకాళ్లు నున్నగానే ఉన్నాయని తల్లి రెండుసార్లు చెప్పింది. వాడి రక్తం ఇంకా తీయలేదు.