ఒక డెసిబెల్ మాయ

సంగీతమంటే చెవి కోసుకునేవాళ్లతో చెవిని నమ్మొద్దంటే కోపమొస్తుంది. నాకూ వచ్చింది. కొన్నేళ్ల కిందట ఓ ఖరీదైన హెడ్‌ఫోన్ యాంప్ (హెడ్‌ఫోన్‌కి వెళ్లే సంకేతాన్ని పెంచే పెట్టె) పదిరోజుల పాటు వినడానికి నా చేతికొచ్చింది. నా పాత యాంప్ పక్కన పెట్టి, అవే పాటలు దాంట్లో ఒకసారి దీంట్లో ఒకసారి మార్చి మార్చి విన్నాను. కొత్తదాంట్లో వీణ మీటు తళుక్కుమంది. గాయని ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తోంది. పాతదాన్ని చూస్తే జాలేసింది. మూడో రోజు ఊరికే కుతూహలం కొద్దీ రెండింటి నుంచి వచ్చే వోల్టేజీ కొలిచాను. నేను 'సమానం' అనుకున్న వాల్యూమ్‌లో కొత్తది 0.9 డెసిబెల్ (శబ్దం గట్టితనానికి కొలత) ఎక్కువిస్తోంది. అంటే వోల్టేజీలో దాదాపు 11 శాతం.

ఇంత చిన్న తేడాని మన బుర్ర 'గట్టిగా ఉంది' అని పట్టుకోదు. 'స్పష్టంగా ఉంది', 'నిండుగా ఉంది' అనుకుంటుంది. దీనికో కారణం చెవిలోనే ఉంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రచురించిన కొలతల ప్రకారం, శబ్దం తగ్గేకొద్దీ మంద్రస్వరాలు మిగతావాటికంటే త్వరగా వినికిడి నుంచి జారిపోతాయి. కాస్త పెంచితే అవే తిరిగొస్తాయి. దాంతోపాటు అడుగున మునిగి ఉన్న సన్నని వివరాలు కూడా పైకి తేలతాయి. ఆ మెప్పంతా యాంప్ ఖాతాలో పడుతుంది.

కాబట్టి వినే ముందు రెండు యాంపుల శబ్దాన్నీ సరిసమానం చేయాలి. ఇదేమంత కష్టం కాదు. 300 హెర్ట్జ్ (సెకనుకి 300 కంపనాల) సైన్ తరంగం, అంటే ఒకే స్వరం, ప్లే చేసి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే (తలకి మాత్రం పెట్టుకోకండి, ఆ కూత భరించలేం) అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూడాలి. మామూలుగా వాడే వెయ్యి హెర్ట్జ్ ఎందుకు కాదంటే, మామూలు మల్టీమీటర్లు చాలావరకు 400 హెర్ట్జ్ దాటాక ఏసీని సరిగ్గా చూపిస్తాయన్న హామీ లేదు. ఒకటి 0.500 వోల్టులు చూపిస్తే రెండోది 0.495కీ 0.505కీ మధ్యన ఉండాలి. అప్పుడు తేడా 0.1 డెసిబెల్ లోపే ఉన్నట్టు.

ఆ తర్వాత ఏది మోగుతోందో నాకు తెలియకుండా ఇంకొకరు మారుస్తూ పోవాలి. 16 సార్లలో కనీసం 12 సార్లు సరిగ్గా చెప్పగలిగితే, అది గుడ్డిదెబ్బ అయ్యే అవకాశం 4 శాతం లోపే. నాకు 9 వచ్చాయి. బొమ్మా బొరుసూ వేసినా అటూ ఇటుగా అన్నే వస్తాయి. రెండు యాంపులూ ఒకటేనని దీంతో రుజువైపోలేదు. ఆ పాటలతో, ఆ హెడ్‌ఫోన్‌తో, నా చెవులకి తేడా అందలేదు, అంతే.

అలాగని ఏ యాంప్ అయినా ఒకటేనని తేల్చేసేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. యాంప్ బాగోగులు హెడ్‌ఫోన్‌ని బట్టి మారిపోతాయి. అది దేనికి తగిలిస్తారో చెప్పకుండా యాంప్‌కి మార్కులు వేయడం, పాదం కొలత అడక్కుండా చెప్పు బాగుందనడం లాంటిది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంప్ లోపల సంకేతానికి అడ్డుపడే నిరోధం. సంకేతం ఈ నిరోధానికీ హెడ్‌ఫోన్ నిరోధానికీ మధ్య వాటాలుగా పంచుకోబడుతుంది. చిక్కేమిటంటే చాలా హెడ్‌ఫోన్ల నిరోధం అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్‌ని 300 ఓమ్‌లు అంటారు గానీ, 80–100 హెర్ట్జ్ ప్రాంతంలో అది 500 దాకా ఎగబాకుతుంది. దాన్ని 120 ఓమ్‌ల యాంప్‌కి తగిలిస్తే మధ్యస్వరాల్లో 71 శాతం సంకేతం హెడ్‌ఫోన్‌కి చేరుతుంది, మంద్రంలో 81 శాతం చేరుతుంది. అంటే బాస్ ఒక డెసిబెల్ ఉబ్బుతుంది. ఆ 120 అంకె నేను కల్పించింది కాదు, అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 1996 నాటి 61938 ప్రమాణంలో ఉన్నదే. అదే యాంప్ నిరోధం 1 ఓమ్ అయితే ఆ తేడా డెసిబెల్‌లో నూరో వంతుకి పడిపోతుంది. హెడ్‌ఫోన్ నిరోధంలో ఎనిమిదో వంతుకి మించకుండా యాంప్‌ది ఉండాలన్న లెక్క ఇక్కడి నుంచే వచ్చింది. వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే) యాంపుల 'వెచ్చదనం' గురించి వినే ఉంటారు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వు యాంపుల్లో ఈ నిరోధం ఎక్కువగా ఉండటం మామూలే కాబట్టి, ఆ వెచ్చదనంలో కొంత వాటా వాల్వుది కాదు, ఈ పంపకానిది. నచ్చితే తప్పేం లేదు, నాకూ కొన్ని పాటల్లో నచ్చింది. ప్లేనార్ (పలుచని చదును పొరతో మోగే) హెడ్‌ఫోన్ల నిరోధం మాత్రం దాదాపు సమంగా ఉంటుంది కాబట్టి వాటి మీద ఈ మాయ పనిచేయదు.

ఇక వాట్ల సంగతి. 110 డెసిబెల్ శిఖరాలకి హెచ్‌డీ 650 అడిగేది 2.2 వోల్టులు, 17 మిల్లీవాట్లు. హైఫైమాన్ సుస్వర అనే హెడ్‌ఫోన్ అడిగేది 5.5 వోల్టులు, అర వాటు. ఒకే శబ్దానికి ముప్ఫై రెట్ల తేడా! మొదటిదానికి ఆరు వాట్ల యాంప్ కొనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా 110 అన్నది క్షణకాలపు శిఖరానికే. సగటున 80 డెసిబెల్ అయితే వారానికి 40 గంటల వరకూ పర్వాలేదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

వక్రీకరణ (అసలు ధ్వనిలో లేనిదాన్ని కలిపేయడం) అంకెలు నేను పైపైన చూసి వదిలేస్తాను. 0.001 శాతమా 0.0001 శాతమా అని యాంపులు పోటీ పడుతుంటే, హెడ్‌ఫోన్ లోపలి పొర బాస్‌లో అంతకి ఎన్నో రెట్లు తనే చేస్తుంటుంది.

బుస మాత్రం వదిలేయలేను. చెవిలో పెట్టుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్, ఒక మిల్లీవాటుకే 110 డెసిబెల్ ఇచ్చేది, 16 ఓమ్‌లది అనుకోండి. యాంప్‌లో 10 మైక్రోవోల్టుల రొద ఉంటే అది 28 డెసిబెల్‌గా చెవిలో పడుతుంది. నిశ్శబ్దమైన గదిలో, రెండు పాటల మధ్య ఖాళీలో, సన్నగా స్స్స్ మంటూ తెలిసిపోతుంది.

మరి ఆ ఖరీదైన యాంప్ నాకు నిజంగా ఇచ్చిందేమైనా ఉందా? ఉంది. దాని వాల్యూమ్ నాబ్. నా పాతదాంట్లో ఒకే కడ్డీకి రెండు కార్బన్ పట్టీలున్న మామూలు పొటెన్షియోమీటర్ (తిప్పితే మారే నిరోధకం) ఉంది. నాబ్ అడుగున ఉన్నప్పుడు ఆ పట్టీలు రెండూ ఒకదానికొకటి సరిపోలవు. ఎడమది కొంచెం ముందు మేలుకుంటుంది. కొత్తదాంట్లో రిలేలు (విద్యుత్తుతో నడిచే స్విచ్చులు), లెక్కగా ఎంచిన రెసిస్టర్లు ఉన్నాయి. తిప్పినప్పుడల్లా లోపల టిక్ టిక్ మంటూ మెట్టు మెట్టుకీ రెండు చెవులకీ సమానంగా పంచుతాయి. ఈ తేడాకి 16 పరీక్షలు అక్కర్లేదు, ఒక్కసారి వింటే చాలు.

పదో రోజు దాన్ని తిరిగిచ్చేశాను. పాతదాన్నే 0.9 డెసిబెల్ పైకి తిప్పి వింటున్నాను, వీణ తళుక్కుమంటూనే ఉంది. అర్ధరాత్రి బాగా తగ్గించి వింటున్నప్పుడు మాత్రం గాయని మెల్లగా నా ఎడమ చెవి వైపు ఒరుగుతుంది. అప్పుడు ఆ టిక్ టిక్ గుర్తొస్తుంది.