ఎవరి మాత్ర వాళ్లదే

మా వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో తిథి, వర్జ్యం పక్కన ప్రతి తేదీ మూలా పెన్సిల్‌తో రాసిన ఒక అంకె ఉంటుంది. సోమవారం 2, మంగళవారం 3, బుధవారం 2. రక్తం గడ్డ కట్టకుండా ఆ రాత్రి అమ్మ వేసుకోవాల్సిన ఎసిట్రోమ్ అనే మందు మోతాదు అది, మిల్లీగ్రాముల్లో. మూడు అంటే ఒకటిన్నర మాత్ర. బ్లేడుతో కోయగా మిగిలిన సగం ముక్కని కాగితంలో మడిచి, పోపుల పెట్టె పక్కనున్న చిన్న స్టీలు డబ్బాలో దాస్తుంది.

అదే ఇంట్లో పెదనాన్నకీ అదే జబ్బు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె లయ తప్పడం. ఆయన మాత్ర వేరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అంతే. ముక్కలు చెయ్యక్కర్లేదు, క్యాలెండర్ చూడక్కర్లేదు, నెలనెలా అమలాపురం వెళ్లి రక్తం ఇచ్చి రానక్కర్లేదు. కిందటి ఆషాఢంలో అమ్మ రిపోర్టు పట్టుకుని ఆటో దిగుతుంటే పెదనాన్న అరుగు మీంచి అన్నాడు: "నా మాత్రే నువ్వూ ఏసుకోవచ్చు కదమ్మా, ఈ సూదుల గొడవ పోద్ది."

"ఆయ్, నేనూ అదే అనుకుంటున్నానండి బావగారూ" అంది అమ్మ.

నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకుంటున్నాను. కాకినాడలో గుండె డాక్టరు గారిని అడిగితే ఆయన ఒక్కమాటలో కుదరదన్నారు. ఎందుకు కుదరదో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా ఇంట్లో లాగే ఎన్నో ఇళ్లలో ఈ ప్రశ్న ఉంటుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గుండెకి పైన రెండు గదులు, కింద రెండు. పైవాటిని కర్ణికలు, కిందివాటిని జఠరికలు అంటారు. కుడి కర్ణిక పైభాగంలో ఉండే చిన్న కణాల గుంపు నిమిషానికి 60 నుంచి 100 సార్లు విద్యుత్ సంకేతం పంపుతుంది. మొత్తం గుండె ఆ తాళానికే నడుస్తుంది. ఈ జబ్బులో ఆ తాళం పోతుంది. కర్ణికల గోడల్లో ఎక్కడబడితే అక్కడ సంకేతాలు పుట్టి, నిమిషానికి 350 నుంచి 600 దాకా వెళ్తాయి. అంత వేగంలో కర్ణిక సరిగ్గా ముడుచుకోలేదు. వణుకుతూ ఉంటుంది.

ఆ సంకేతాలన్నీ జఠరికల్లోకి దిగితే మనిషి బతకడు. అలా దిగకుండా మధ్యలో ఏవీ నోడ్ అనే కాపలా ఉంది. లొల్ల లాకులు చూసినవాళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎంత పోటు మీదున్నా, కాలువలోకి లాకులు వదిలినంతే నీరు వస్తుంది. ఏవీ నోడూ అంతే, వందల్లో వచ్చిన సంకేతాల్లో కొన్నిటినే వదులుతుంది. కాకపోతే ఆ వదలడానికి ఓ వరస ఉండదు. అమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనిస్తే అది తెలుస్తుంది. రెండు దెబ్బలు దగ్గరదగ్గరగా, తర్వాత కాస్త ఖాళీ, ఒక గట్టి దెబ్బ, వెంటనే మూడు సన్నగా. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు లెక్క వస్తుంది. నిమిషం పూర్తయ్యేదాకా వేళ్లు తియ్యకూడదు.

అమ్మకి దడ వల్ల భయం. నాకూ మొదట్లో అదే భయం. అసలు ప్రమాదం దడలో కన్నా, ఏ చప్పుడూ చెయ్యకుండా జరిగే ఇంకోదానిలో ఉంది. ఎడమ కర్ణికకి పక్కన చిన్న సంచి లాంటి మూల ఒకటుంటుంది. కర్ణిక ముడుచుకోవడం మానేశాక ఆ మూలలో రక్తం కదలదు. పారని బోదెలో గుర్రపుడెక్క ఎలా అల్లుకుపోతుందో మనకి తెలుసు. నిలిచిన రక్తంలోనూ గడ్డ అలాగే కడుతుంది. ఆ గడ్డ ఎప్పుడో కదిలి, ప్రవాహంలో పడి, మెదడుకి వెళ్లే సన్నటి నాళంలో అడ్డం పడితే పక్షవాతం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాల తరబడి గమనించినవాళ్లు లెక్క తేల్చారు: ఈ జబ్బు ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు లేనివాళ్లకన్నా దాదాపు 5 రెట్లు.

అందుకే ఈ జబ్బుకి మందు అంటే రెండు వేరువేరు పనులు. ఒకటి గుండె వేగాన్ని అదుపులో పెట్టడం. రెండోది గడ్డ కట్టకుండా చూడటం. మొదటిది హాయినిస్తుంది కాబట్టి జనం దాన్ని నమ్ముతారు. రెండోదానివల్ల ఒంటికి ఏమీ తెలియదు కాబట్టి మానేస్తారు. మా ఊళ్లోనే ఒకాయన దడ తగ్గిపోయింది కదా అని సంక్రాంతి ముందు రెండూ ఆపేశాడు. కనుమ నాటికి కుడి చెయ్యి లేవలేదు.

వేగం తగ్గించే మందు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ దారి కొంత సులువు. పెదనాన్నకి ముందు మెటోప్రొలాల్ ఇచ్చారు. నాడి తగ్గింది గానీ మనిషి నీరసపడిపోయి, కొబ్బరితోట దాకా కూడా నడవలేకపోయాడు. డిల్టియాజెమ్‌కి మార్చారు. కాళ్లు వాచాయి, మలబద్ధకం పట్టుకుంది. చివరికి తక్కువ మోతాదు బైసోప్రొలాల్ ఒంటికి పడింది. మూడు నెలల్లో మూడు మందులు. అది డాక్టరు తప్పూ కాదు, మందు తప్పూ కాదు. ఎవరి ఒంటికి ఏది పడుతుందో వేసి చూస్తేనే తెలుస్తుంది. నాడి 70కి దిగి తీరాలనే పట్టుదల అందరికీ అక్కర్లేదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు 110 లోపుంటే చాలామందికి సరిపోతుందని 2010లో నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనం చూపించింది. అమ్మ విషయం వేరు, ఆమె గుండె నెమ్మదిగా కొట్టుకోవడం చాలా అవసరం. ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది. ఆమెకి మెటోప్రొలాలే చక్కగా సరిపోయింది.

ఇక గడ్డ కట్టకుండా చూసే మందు. దీన్ని రక్తం పలచన చేసే మందు అంటాం గానీ రక్తమేమీ పలచబడదు, గడ్డ కట్టడం నెమ్మదిస్తుంది. ఈ మందు పుట్టుక మన రైతులకి ఇట్టే అర్థమయ్యే కథ. 1920ల్లో అమెరికా ఉత్తర ప్రాంతాల్లో, కెనడాలో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చచ్చిపోయేవి. అవి తిన్నది స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసం, అదీ తడిసి బూజు పట్టినది. తుపానుకి తడిసిన గడ్డిమేటు లోపల ఎలా ముక్కిపోతుందో మనకి తెలియనిది కాదు. 1933లో ఒక రైతు మంచు తుపానులోనే బయల్దేరి, చచ్చిన పెయ్యనీ, పాలక్యానులో గడ్డ కట్టని రక్తాన్నీ బండిలో వేసుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త దగ్గరికి తీసుకెళ్లాడు. బూజు పట్టిన గడ్డిలో ఉన్న పదార్థాన్ని పట్టుకోవడానికి లింక్ బృందానికి ఏళ్లు పట్టింది. దాన్ని మెరుగుపరిచి చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషులకి మందుగా వచ్చింది. మన వరిచేలల్లో ఎలుకలకి పెట్టే బ్రోమడయోలోన్ కూడా ఈ కుటుంబంలోదే. అమ్మ వాడే ఎసిట్రోమ్ వార్ఫరిన్‌కి దగ్గర చుట్టం.

"ఎలుకల మందు మింగిస్తున్నారంట" అని ఎవరో అంటే అమ్మ వారం రోజులు దిగులు పడింది. మోతాదే అన్నిటికీ మూలమని ఆమెకి నచ్చజెప్పడానికి మాటలు సరిపోలేదు, రిపోర్టులు చూపించాల్సి వచ్చింది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే కొలతని ఐఎన్ఆర్ అంటారు. మందు వాడనివాళ్లలో అది 1 దగ్గర ఉంటుంది. అమ్మకి 2కీ 3కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, బాగా పెరిగితే రక్తస్రావం భయం. ఆ సన్నటి గట్టు మీద నడిపించడానికే నెలనెలా సూది.

గట్టు మీంచి జారడానికి పెద్ద కారణాలు కూడా అక్కర్లేదు. కాలేయం రక్తం గడ్డ కట్టించే ప్రొటీన్లు కొన్నిటిని తయారు చెయ్యడానికి విటమిన్ కె వాడుకుంటుంది. ఎసిట్రోమ్ పని చేసేది సరిగ్గా అక్కడే, ఆ విటమిన్ తిరిగి వాడకానికి రాకుండా అడ్డుకుంటుంది. తోటకూర, పాలకూర, మునగాకు లాంటివాటి నిండా ఆ విటమిన్ ఉంటుంది. ఆషాఢంలో మునగాకు తినాలన్నది మా వైపు పట్టింపు. కిందటేడు పదిహేను రోజుల పాటు మా ఇంట్లో మునగాకు పప్పు, మునగాకు వేపుడు, మునగాకు పొడి. ఐఎన్ఆర్ 2.6 నుంచి 1.4కి పడిపోయింది. పెదనాన్న అరుగు మీంచి మాట అన్నది ఆ రిపోర్టు వచ్చిన రోజే. డాక్టరు గారు మోతాదు పెంచారు. శ్రావణం వచ్చింది, మునగాకు ఆగిపోయింది, పెంచిన మోతాదు అలాగే ఉంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్లలోంచి రక్తం. ఈసారి 4.1.

ఆకుకూరలు పూర్తిగా మానెయ్యమని చాలామంది చెబుతారు. అది సరైన సలహా కాదని నా గట్టి అభిప్రాయం. గోదావరి జిల్లాలో పుట్టినమనిషి ఆకుకూర లేకుండా ఎన్నాళ్లు ఉంటుంది? మానేసినా, ఏదో పెళ్లిలో గోంగూర కలుపుకోగానే మళ్లీ తేడా వస్తుంది. రోజూ తినేదాన్ని ఒకే తీరుగా ఉంచుకుని, దానికి తగ్గట్టు మందు సర్దించుకోవాలి.

కూరల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఒక ఇంజెక్షన్. మోకాళ్ల నొప్పులని అమ్మ మా ఊళ్లోనే ఒకాయనకి చూపించుకుంటే నొప్పి సూది ఒకటి పిరుదుకి పొడిచారు. ఏం మందులు వాడుతున్నావని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. మర్నాటికి అక్కడ అరచేయంత మేర నల్లగా కమిలి, గట్టిగా వాచిపోయింది. ఈ మందు మీద ఉన్నవాళ్లకి కండలోకి సూది వేస్తే లోపల రక్తం చేరుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులతో కడుపులో రక్తస్రావం ముప్పూ పెరుగుతుంది. విరేచనాలకి వాడే మెట్రోనిడజోల్ కూడా ఐఎన్ఆర్‌ని పెంచేస్తుంది. అప్పటినుంచి అమ్మ పర్సులో మందు పేరు, మోతాదు రాసిన చీటీ ఉంటోంది.

ఇన్ని తంటాలు లేని మాత్ర పెదనాన్నది, ఎపిక్సబాన్. 2010 తర్వాత వచ్చిన కొత్త మందుల్లో ఒకటి. విటమిన్ కె జోలికి పోకుండా, గడ్డ కట్టే గొలుసులో ఒకే ఒక్క లంకెని నేరుగా ఆపుతుంది. కూరలతో పేచీ లేదు. మెదడులో రక్తస్రావం కూడా వార్ఫరిన్‌తో కన్నా తక్కువ. పెదనాన్నకి 74 ఏళ్లు, బీపీ, షుగర్ ఉన్నాయి. వయసు, బీపీ, షుగర్, గుండె బలహీనత, ఇదివరకు పక్షవాతం వచ్చిందా, ఇవన్నీ కలిపి డాక్టర్లు వేసే లెక్కలో ఆయనకి ఈ మందు తప్పనిసరి అని తేలింది. ముందు రివరోక్సబాన్ అనుకున్నారు, రోజుకి ఒక్కటే మాత్ర. అది కడుపు నిండా తిన్నాక వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఏకాదశులూ కార్తీక సోమవారాలూ ఉపవాసం ఉండే మనిషి కాబట్టి, తిండితో పని లేని ఎపిక్సబాన్ రాశారు. మనిషి అలవాట్లు అడిగి మందు రాసే డాక్టరు దొరకడం అదృష్టం. కానీ దీని పట్టు ఒక రోజులోనే సడలిపోతుంది, పూట తప్పకూడదు. కొంత భాగం మూత్రపిండాల గుండా పోతుంది కాబట్టి అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చెప్పే క్రియాటినిన్ అప్పుడప్పుడూ రక్తంలో చూడాలి. బదులుగా ఆస్పిరిన్ చాలదా అంటారు కొందరు. 2011లో ఎపిక్సబాన్‌నీ ఆస్పిరిన్‌నీ పోల్చి చూస్తే, ఎపిక్సబాన్‌తో పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి, పెద్ద రక్తస్రావాలు మాత్రం రెండిటితోనూ ఇంచుమించు ఒకటే.

మరి అమ్మకి ఎందుకు వద్దు? దాని జవాబు ఆమె చిన్నతనంలో ఉంది. పదేళ్లప్పుడు ఆమెకి గొంతునొప్పి వచ్చి తగ్గాక జ్వరం, కీళ్ల వాపులు వచ్చాయట. ఇవాళ మోకాలు, రేపు మోచెయ్యి. కీళ్లు బాగుపడ్డాయి, అందరూ మర్చిపోయారు. అది రుమాటిక్ జ్వరం. అది గుండె కవాటాల్ని పట్టుకుంటుంది. ఎడమ కర్ణికకీ జఠరికకీ మధ్యనున్న మిట్రల్ కవాటం మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలి. అమ్మది 1.4. తలుపు బిగుసుకుపోయిన లాకు అది. రక్తం దిగడానికి వ్యవధి కావాలి కాబట్టే గుండె నెమ్మదిగా కొట్టుకోవాలి. దిగలేక నిలిచిపోయే రక్తం వల్ల గడ్డ భయం ఇంకా ఎక్కువ. ఫ్రామింగ్‌హామ్ లెక్కలో ఇలాంటివాళ్లకి ముప్పు 5 రెట్లు కాదు, 17 రెట్లు.

కొత్త మందులు వచ్చినప్పుడు చేసిన పెద్ద పరీక్షల్లో ఇలా కవాటం బాగా ముడుచుకుపోయినవాళ్లని చేర్చుకోలేదు. ఈ జబ్బు ధనిక దేశాల్లో దాదాపు పోయింది, మనలాంటి దేశాల్లో ఉండిపోయింది. చివరికి ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాల్లో, రుమాటిక్ గుండెజబ్బూ లయ తప్పడమూ రెండూ ఉన్న 4,500 మందికి పైగా రోగులతో రివరోక్సబాన్‌నీ పాత మందునీ పోల్చారు. ఎక్కువమంది ఆడవాళ్లే, సగటు వయసు యాభై చిల్లర. కొత్తదే గెలుస్తుందని చాలామంది అనుకున్నారు. 2022లో ఫలితం వచ్చింది: పాత మందు వేసుకున్నవాళ్లలోనే చావులు తక్కువ, దానివల్ల రక్తస్రావాలు పెరిగిందీ లేదు. మా అమ్మలాంటి ఆడవాళ్ల కోసం ఎవరో ఆ ప్రశ్న అడిగి, జవాబు దొరికేదాకా ఆగినందుకు నాకు ఎంతో కృతజ్ఞతగా ఉంది.

అందుకే కాకినాడ డాక్టరు గారు ఆ రోజు ముందు ఎకో, అంటే గుండె కవాటాల్ని చూపించే స్కానింగ్, రిపోర్టు తిప్పి చూసి, ఆ తర్వాతే కుదరదన్నారు. లయ తప్పిందని ఈసీజీ చెబుతుంది. ఏ మందు వాడాలో తేల్చేది మాత్రం చాలావరకు ఎకో. అది తియ్యకుండా మందు మార్చమని ఎవరినీ అడగకండి, పక్కింటివాళ్ల చీటీ చూసి అసలే వద్దు.

ఈ ఏడు ఆషాఢానికి మా ఇంట్లో మునగాకు బుధ, శనివారాల్లోనే వండారు, మిగతా నెలల్లో వండినట్టే. అమ్మ ఐఎన్ఆర్‌కీ పెదనాన్న క్రియాటినిన్‌కీ ఒకే రోజు రక్తం ఇవ్వాల్సి వస్తే ఇద్దరూ ఒకే ఆటోలో అమలాపురం వెళ్లొచ్చారు. సాయంత్రం నా ఫోనుకి రిపోర్టులు వచ్చాయి.

"నీదెంతొచ్చిందమ్మా?" అన్నాడు పెదనాన్న.

"రెండున్నరండి. మీదో?"

"ఒకటీ పాయింట్ ఒకటి. బానే ఉందంట."

అమ్మ పెన్సిల్ తీసుకుని క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. వచ్చే నెల పేజీ తిప్పి, మొదటి సోమవారం మూల 2 అని రాసింది.