వాడని సర్వీసు ఊరికే పడి ఉండదు

ఒరే అల్లుడూ, అమ్మా కోడలా,

ఇద్దరికీ ఆశీస్సులు, మీతో కలిసి చదువుకునే ఫ్రెండ్స్‌కి కూడా. మొన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే మీ అమ్మ అన్నానికి పిలిచిందని పెట్టేశారు గానీ ఆ ప్రశ్న నాకు అలాగే ఉండిపోయింది, అందుకే కూర్చుని రాస్తున్నా. కాలేజీలో డిపార్ట్‌మెంట్ సర్వర్ నీ చేతికిచ్చారన్నావు అల్లుడూ, సంతోషం. అందులో ఏమేం సర్వీసులు, అంటే వెనకాల తమంతట తామే నడిచే ప్రోగ్రాములు, ఉన్నాయో చూశావా అంటే "చాలా ఉన్నాయి మావయ్యా, సగం ఏంటో కూడా తెలీదు, వాడనివి ఊరికే పడి ఉంటాయిగా, నష్టం ఏముంది" అన్నావు. కోడలు కూడా కొత్త ల్యాప్‌టాప్ గురించి అదే మాట, వచ్చినవి వచ్చినట్టే వదిలేశా అంది.

అవి ఊరికే పడి ఉండవమ్మా. నాకు ఆ సంగతి ఏ రోజు తెలిసిందో తేదీతో సహా చెప్పగలను.

2003 జనవరి 25, శనివారం. మర్నాడు రిపబ్లిక్ డే, ఆఫీసు ముందు జెండా కర్రకి సున్నం వేస్తున్నారు. అప్పుడు నేనొక ఆఫీసులో కంప్యూటర్ల సెక్షన్ చూసేవాణ్ణి, డెబ్బై దాకా మెషిన్లు, బయటికి ఒకే ఒక లీజ్ లైన్. పదకొండు దాటిందో లేదో నెట్ ఆగిపోయిందని ఒక్కో సెక్షన్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి, వెళ్ళి చూస్తే స్విచ్ మీద లైట్లు మామూలుగా మిణుకుమిణుకుమనేవి కాస్తా ఆగకుండా వెలుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి తెలిసింది, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ మీద ఏదో వార్మ్, అంటే మెషిన్ నుంచి మెషిన్‌కి తనంతట తానే పాకే వైరస్ లాంటిది, వచ్చిందట, యూడీపీ పోర్టు 1434 మీద వస్తోందట. పోర్టు అంటే నెట్‌వర్క్ నుంచి ఒక ప్రోగ్రామ్‌ని తట్టడానికి ఉండే నంబరు తలుపు అనుకోండి. నేను ధైర్యంగా ఉన్నాను, ఎందుకంటే మా దగ్గర ఎస్‌క్యూఎల్ సర్వరే లేదు, ఎప్పుడూ కొనలేదు, పెట్టలేదు. మరి మా లైన్ ఎందుకు నిండిపోయిందో అర్థం కాక ఒక్కో కేబులూ పీకుకుంటూ వచ్చాను, సాయంత్రం నాలుగింటికి అకౌంట్స్ సెక్షన్‌లో ఒక మెషిన్ కేబుల్ పీకగానే లైట్లు శాంతించాయి. ఆ మెషిన్‌లో జీతాల లెక్కలకి ఒక ప్యాకేజీ వేశారు, దాని లోపల ఎస్‌క్యూఎల్ సర్వర్ చిన్న ఎడిషన్, డెస్క్‌టాప్ ఇంజిన్ అనేవాళ్ళు, మాకు ఒక్క ముక్క చెప్పకుండా తనంతట తానే ఇన్‌స్టాల్ అయ్యి కూర్చుంది. ఆ ప్యాకేజీకి నెట్‌వర్క్‌తో పనే లేదు, ఒక్క మెషిన్‌లో ఒక్క మనిషి వాడేది, అయినా ఆ పోర్టు మాత్రం లోకం మొత్తానికి తెరిచి ఉంది. రీబూట్ చేస్తే పోయేది, ఎందుకంటే అది మెమరీలోనే ఉండే రకం, డిస్క్ మీద ఏమీ రాయదు, కానీ కేబుల్ పెట్టిన కాసేపటికే మళ్ళీ వచ్చేది.

దాన్ని స్లామర్ అన్నారు. మొత్తం సైజు 376 బైట్లు, ఒక్క ప్యాకెట్‌లో పట్టేస్తుంది, నేనిప్పుడు రాసిన ఈ పేరా కన్నా చిన్నది. మొదట్లో ప్రతి 8.5 సెకన్లకి రెట్టింపు అయ్యింది, పది నిమిషాల్లో ప్రపంచం మొత్తం మీద పట్టుకోగలిగిన మెషిన్లలో 90 శాతం పట్టేసుకుంది, 75,000 దాకా. అది దూరిన లోపాన్ని సరిచేసే ప్యాచ్ 2002 జూలైలోనే వచ్చింది, అంటే ఆరు నెలల ముందు. మేం ఎందుకు వెయ్యలేదు? ఆ సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఉందనే తెలీదు కాబట్టి. ఇదిరా అసలు సంగతి, వాడేదాన్ని రోజూ చూస్తాం, ఏదైనా తేడా వస్తే కనిపిస్తుంది, అప్‌డేట్ చేస్తాం, పాస్‌వర్డ్ మారుస్తాం. వాడనిదాన్ని ఎవరూ చూడరు. అది మాత్రం పోర్టు తెరుచుకుని, అడిగినవాడికల్లా జవాబిస్తూ పనిచేస్తూనే ఉంటుంది.

మీ తాతయ్య కౌలుకి కొత్త చేను తీసుకుంటే నీళ్ళు పెట్టే ముందు పార భుజాన వేసుకుని గట్టు మీద ఒక చుట్టు పూర్తిగా తిరిగేవాడు, నేను వెనకాల నడిచేవాణ్ణి. ముందు చేసిన రైతు తన అవసరానికి ఎక్కడెక్కడ మడవలు, అంటే నీళ్ళు పోవడానికి గట్టుకి కొట్టిన గండ్లు, తీసి వదిలేశాడో చూసి ఒక్కోటీ పూడ్చేవాడు, తనకి కావలసిన మడవ ఒక్కటి ఉంచేవాడు. మడవలు కనిపిస్తాయి కాబట్టి ఫరవాలేదు, ఎండ్రకాయ బొరియలే ప్రమాదం అనేవాడు, రాత్రికి రాత్రి మడి ఖాళీ అయిపోతుంది, పొద్దున్న చూస్తే గట్టు బాగానే ఉంటుంది. కంప్యూటర్ కొన్నా, సర్వర్ చేతికొచ్చినా నేను చేసే మొదటి పని ఆ చుట్టు తిరగడమే.

కంపెనీలు అన్నీ ఆన్ చేసి ఎందుకు పంపుతాయని అడుగుతారు మీరు. చెడ్డ ఉద్దేశంతో కాదు. ప్రింటర్ తగిలించగానే దొరకాలి, ఫోల్డర్ షేర్ చెయ్యగానే పక్క మెషిన్‌లో కనపడాలి, లేకపోతే కొన్నవాడు ఫోన్ చేసి పనిచెయ్యట్లేదంటాడు. అంటే డిఫాల్ట్ అనేది నిన్ను ఎప్పుడూ చూడని మనిషి, నీ అవసరం తెలీని మనిషి, అందరికీ సరిపోవాలని పెట్టిన సెట్టింగు. ఒక్కోసారి వాళ్ళు మర్చిపోయి వదిలేసినవీ ఉంటాయి. 1988 నవంబర్ 2న మోరిస్ వార్మ్ అప్పటి ఇంటర్నెట్‌ని కుదిపేసింది, అది లోపలికి వచ్చిన దారుల్లో ఒకటి మెయిల్ చేరవేసే సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రామ్‌లో డీబగ్ మోడ్, ప్రోగ్రామ్ రాసేవాళ్ళు టెస్టింగ్ కోసం పెట్టుకున్నది, మెయిల్ పంపుకునేవాడికి దాంతో ఏ పనీ లేదు, అయినా చాలా మెషిన్లలో ఆన్‌లోనే ఉండిపోయింది. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ కూడా ఇదే కథ, వెబ్‌సైట్ల మాటల్ని రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బీట్ అని ఒక సౌకర్యం పెట్టారు, మామూలు వెబ్‌సైట్లకి దాని అవసరం దాదాపు లేదు, కానీ 2012 మార్చిలో వచ్చిన 1.0.1 నుంచి అందరికీ డిఫాల్ట్‌గా ఆన్, రెండేళ్ళ పాటు ఒక్కోసారి 64 కేబీ చొప్పున సర్వర్ మెమరీ బయటివాడికి చదవడానికి దొరికేలా ఉండిపోయింది. నాకు వీటిలో బాధ కలిగించేది తప్పు కోడ్ రాయడం కాదు, తప్పులు ఎవరైనా రాస్తారు. ఎవరికీ అక్కర్లేనిది అందరి మెషిన్లలో పెట్టడం.

2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వానక్రై అనే వార్మ్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, మీరు అప్పుడు చిన్నపిల్లలు. అది ఎస్ఎమ్‌బీ మొదటి వెర్షన్ అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిలోంచి వచ్చింది, దాదాపు 30 ఏళ్ళనాటిది, కొత్త వెర్షన్లు వచ్చి చాలా కాలమైనా పాతది పక్కనే బతికి ఉంది. ఆ ఏడాది చివర్లోనే కొత్త విండోస్ 10లో అది డిఫాల్ట్‌గా రాకుండా ఆపారు.

కోడలా, నీ ల్యాప్‌టాప్‌కి పెద్ద పనేం లేదు, ఒక గంట చాలు. సెట్టింగ్స్‌లో యాప్స్ లిస్టు తెరిచి ఎవరు పెట్టారో తెలీని ట్రయల్ యాంటీవైరస్‌లు, గేములు తీసెయ్, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ చూసి నీకు అక్కర్లేనివి ఆపెయ్, మైకు, కెమెరా, లొకేషన్ ఏ యాప్‌కి ఇచ్చావో ఒక్కోటీ చదువు. విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ అని వెతికితే ఒక పెట్టె వస్తుంది, అందులో ఎస్ఎమ్‌బీ 1 టిక్ ఉంటే తీసెయ్. హాస్టల్ వైఫైకి కనెక్ట్ అయినప్పుడు పబ్లిక్ నెట్‌వర్క్ అనే పెట్టు, ప్రైవేట్ అనొద్దు, ఆ ఒక్క మాటతో షేరింగ్ సంగతులు చాలావరకు అవే సర్దుకుంటాయి.

ఇంట్లో రౌటర్ మాత్రం మీ నాన్న ఇన్‌స్టాల్ చేసినవాడికే వదిలేశారు, ఆ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారా లేదా నువ్వే చూడు. 2016లో మిరాయ్ అనే వార్మ్ 60కి పైన ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ జతలు, అడ్మిన్ అడ్మిన్ లాంటివి, పట్టుకుని టెల్‌నెట్, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి, తెరిచి ఉన్న కెమెరాల్లోకి, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్‌లలోకి దూరింది, అక్టోబర్ 21న వాటితోనే వెబ్‌సైట్ పేర్లకి అడ్రస్‌లు చూపించే డైన్ అనే కంపెనీ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. కొన్ని కెమెరాల్లో వెబ్ పేజీలో పాస్‌వర్డ్ మార్చినా టెల్‌నెట్‌ది మారేది కాదు, అంటే ఆ ఓనర్లు జాగ్రత్తగా ఉన్నా ఫలితం లేకపోయింది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. రౌటర్‌లో డబ్ల్యూపీఎస్, అంటే పాస్‌వర్డ్ బదులు పిన్‌తో వైఫైకి కలిపే సౌకర్యం, కూడా ఆపెయ్, ఆ ఎనిమిదంకెల పిన్ చూసి కోట్ల కాంబినేషన్లు అనుకుంటాం, కానీ మొదటి నాలుగంకెలు కరెక్టా కాదా అని రౌటరే విడిగా చెప్పేస్తుంది, చివరి అంకె లెక్క సరిచూసుకోడానికి పెట్టింది, మిగిలింది పదివేలు ప్లస్ వెయ్యి, మొత్తం 11,000 ప్రయత్నాలు. 2011లోనే ఇది బయటపెట్టారు.

అల్లుడూ, ఇక నీ సర్వర్. లినక్స్‌లో ఎస్ఎస్ అనే కమాండు ఉంది, పక్కన హైఫన్ పెట్టి టి, యు, ఎల్, పి, ఎన్ అని కొట్టు, ముందు అడ్మిన్ హక్కులిచ్చే సుడో పెట్టు, లేకపోతే ప్రోగ్రామ్ పేర్లు అన్నీ చూపించదు. ఏయే పోర్టు మీద ఎవరు చెవి పెట్టి కూర్చున్నారో వరసగా వస్తుంది. 127.0.0.1 అని ఉంటే ఆ మెషిన్ లోపలి మాట, 0.0.0.0 అని గానీ చదరపు బ్రాకెట్లలో రెండు కోలన్లు గానీ ఉంటే వచ్చినవాడందరికీ జవాబిస్తుందన్నమాట. ఒక్కో లైనుకీ నోట్‌బుక్‌లో రాయి, ఇది ఏంటి, ఎవరికి కావాలి, ఎక్కడ్నుంచి కావాలి అని. మూడో ప్రశ్న చాలామంది అడగరు, డేటాబేస్ కావాల్సిందే కానీ అదే మెషిన్‌లో ఉన్న వెబ్‌సైట్‌కి తప్ప ఇంకెవరికీ అక్కర్లేదు, అలాంటప్పుడు దాన్ని ఆపక్కర్లేదు, లోపలి అడ్రస్‌కి కట్టేస్తే సరిపోతుంది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా బయటికి తెరిచి ఉన్న మోంగోడీబీ అనే రకం డేటాబేస్‌లు వేలకొద్దీ తుడిచేసి డబ్బులడిగారు, ఆ ఏడాది చివర వచ్చిన 3.6 నుంచి అది డిఫాల్ట్‌గా లోపలి అడ్రస్ మీదే వింటోంది.

అక్కర్లేదని తేలినదాన్ని ముందు ఆపు, వెంటనే పీకెయ్యకు. నేనొకసారి ఆర్‌పీసీబైండ్ అనే సర్వీసు చూసి ఇదెవరికి కావాలిలే అని ఎవర్నీ అడక్కుండా ఆపేశాను, ఆ సర్వర్ పాత ఎన్ఎఫ్ఎస్ అనే ఫైల్ షేరింగ్ మీద అందరి హోమ్ ఫోల్డర్లూ ఇస్తోందని, దానికి ఆర్‌పీసీబైండ్ కావాలని చూసుకోలేదు, మెషిన్లు రీబూట్ అయ్యాక ఒక్కరి ఫైలూ కనపడలేదు, ఇరవై మంది పొద్దున్నపూట పనిమాని కూర్చున్నారు. తప్పు నాదే. అప్పట్నుంచి ముందు అడుగుతాను, తర్వాత ఆపుతాను, ఒక నెల చూస్తాను, నెల్లో జీతాలు, బ్యాకప్‌లు, నెలాఖరు రిపోర్టులు అన్నీ ఒకసారి తిరుగుతాయి కదా, ఎవరూ కేక వెయ్యకపోతే అప్పుడు ప్యాకేజీ తీసేస్తాను.

ఆపడంలో కూడా రకాలున్నాయి. లినక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డిలో స్టాప్ అంటే ఇప్పటికి ఆగుతుంది, రీబూట్ చేస్తే మళ్ళీ లేస్తుంది. డిజేబుల్ అంటే బూట్‌లో లేవదు, కానీ వేరే సర్వీసు పిలిస్తే లేస్తుంది. మాస్క్ చేస్తే ఎవరు పిలిచినా లేవదు. ప్రింటింగ్ చూసే కప్స్‌ని ఆపి అయిపోయిందనుకుంటారు, దాని సాకెట్ యూనిట్, అంటే తలుపు దగ్గర వింటూ కూర్చునే ముక్క, విడిగా ఉంటుంది, అది ఉన్నంతసేపూ ఎవరో తట్టగానే కప్స్ లేచి కూర్చుంటుంది, కాబట్టి రెండూ చూసుకో. ఆ కప్స్ పక్కనే ప్రింటర్లని వెతికే బ్రౌజ్డ్ అనే సర్వీసులో 2024 సెప్టెంబర్‌లో పెద్ద లోపం బయటపడింది, యూడీపీ 631 మీద. మీ డిపార్ట్‌మెంట్ సర్వర్‌కి ప్రింటరే లేదన్నావు, అది అక్కడ ఉందేమో చూడు.

దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో రూట్, అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతా, లాగిన్ ఆపు, కీ ఫైలు పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ కూడా ఆపు, కానీ ఆ మార్పు చేసేటప్పుడు పాత విండో మూసెయ్యొద్దు, ఇంకో విండోలో లాగిన్ అయ్యి చూసుకున్నాకే అది మూయి. ఆదివారం రాత్రి లాబ్‌కి తాళం వేసున్నప్పుడు అసలు చెయ్యకు.

ఇంకో మాట గట్టిగా చెప్తున్నా. ఆపడం అలవాటయ్యాక చేతులు ఊరుకోవు, ఏదైనా పనిచెయ్యకపోతే ప్రోగ్రాములు హద్దు దాటకుండా చూసే ఎస్ఈ లినక్స్ ఆపెయ్, ఫైర్‌వాల్ ఆపెయ్, అప్‌డేట్స్ ఆపెయ్ అని వెతికిన ప్రతిచోటా రాసి ఉంటుంది. అవి వద్దు. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ డిఫాల్ట్‌గా ఆన్‌లో రావడం ఎంత ఊరటో ఆ రోజుల్లో పనిచేసిన మాకు తెలుసు, అంతకు ముందు కొత్త మెషిన్ నెట్‌కి తగిలించి అప్‌డేట్స్ దిగేలోపే వార్మ్ ఎక్కేసేది. అలాంటి కాపలా అడ్డమొస్తే దాని లాగ్ చదివి ఆ ఒక్క పనికి మాత్రం దారివ్వు.

నీ సర్వర్‌లో ఆ లిస్టు తీసి నోట్‌బుక్‌లో రాసుకున్నాక మీ సార్‌ని, లాబ్ అసిస్టెంట్‌ని ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని ఒక్కో లైనూ అడుగు, అసిస్టెంట్‌కి సార్‌కి తెలీని సంగతులు తెలుస్తాయి. ఆ లిస్టు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకు. వాళ్ళకీ తెలీని లైన్లు మిగిలితే అవి నాకు ఫోన్‌లో చదువు, సాయంత్రం ఏడు తర్వాత ఎప్పుడైనా సరే, ఇంట్లోనే ఉంటాను.

మీ
మావయ్య