టిక్కెట్టు చేతిలోనే ఉంది, మరి బండెందుకు తప్పింది? ప్రయాణాలపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో టిక్కెట్లు బుక్ చేసే షాపు నాది. బస్సు, రైలు, విమానం అన్నీ చూస్తాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఇక్కడ ఉద్యోగాలు చేసే పిల్లలు, వాళ్లను చూడ్డానికి గుంటూరు నుంచో కర్నూలు నుంచో వచ్చిపోయే అమ్మానాన్నలు. ప్రయాణం చెడిందంటే ముందు ట్రాఫిక్‌ని తిడతారు, తర్వాత డ్రైవర్‌ని, ఆ తర్వాత నన్ను. కూర్చోబెట్టి టిక్కెట్టు తెరిచి చూపిస్తే, చాలాసార్లు జరిగిందంతా అందులోనే రాసి ఉంటుంది. చదివినవాళ్లే ఉండరు. షాపులో రోజూ వినిపించే మాటలు కొన్ని, వాటి వెనకున్న అసలు సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: “శనివారం రాత్రి బండికి శనివారం తేదీ వేసి తీస్తే చాలు.”

మన పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రైల్వేకి రాత్రి 12 కొట్టగానే తేదీ మారిపోతుంది. టిక్కెట్టు మీద 15వ తేదీ, 00:20 అని ఉంటే 14వ తేదీ రాత్రి భోంచేసి స్టేషన్‌కి బయల్దేరాలి. 15 రాత్రి పెట్టే బేడా సర్దుకుని వెళ్తే, మీ బెర్తు ఎవరికో ఇచ్చేసి బండి ఎప్పుడో ఊరు చేరిపోయి ఉంటుంది. డబ్బులు కూడా రావు. పండగ సీజన్‌లో ఇలాంటి కేసు నా దగ్గరికి రాకుండా ఉండదు. అందులోనూ బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువ, ఎందుకంటే వాళ్లు ఎవర్నీ అడగరు. అర్ధరాత్రి దాటాక ఉండే బండికి ఇంట్లోవాళ్లతో తేదీ చెప్పకండి. “శుక్రవారం రాత్రి పడుకోకుండా స్టేషన్‌కి పోవాలి” అని చెప్పండి. పెద్దవాళ్లకు అదే గుర్తుంటుంది.

ప్రైవేటు బస్సుల్లో చిక్కు ఇంకో రకం. బస్సు ఎలక్ట్రానిక్ సిటీలో రాత్రి 11 గంటలకు బయల్దేరి హెబ్బాళకు పన్నెండున్నరకు వస్తుందనుకోండి. టిక్కెట్టు పైన పెద్దక్షరాల్లో కనిపించే తేదీ బస్సు మొదట బయల్దేరిన రోజుది కావచ్చు. కింద బోర్డింగ్ పాయింట్ పక్కన చిన్నక్షరాల్లో ఉన్న తేదీ, టైమే మీవి. రైలు తత్కాల్ కూడా ఇలాగే తికమక పెడుతుంది. మీరెక్కే స్టేషన్‌లో తేదీ ఏదైనా, తత్కాల్ తెరిచేది ఆ బండి మొదటి స్టేషన్‌లో బయల్దేరే తేదీకి ముందు రోజు.

అపోహ: “బెంగళూరు స్టేషన్ అంటే మెజెస్టిక్కే కదా.”

ఒకప్పుడు చాలావరకు నిజం. ఇప్పుడు మన ఊళ్లకు వెళ్లే బండ్లు మెజెస్టిక్ దగ్గరి కేఎస్ఆర్ నుంచి, యశ్వంతపుర నుంచి, బైయప్పనహళ్లిలోని విశ్వేశ్వరయ్య టెర్మినల్ నుంచి పంచుకుని నడుస్తున్నాయి. ఆ టెర్మినల్ నుంచి రైళ్లు మొదలైంది 2022 జూన్‌లో. అప్పటినుంచి కొన్ని పాత బండ్లు కూడా అక్కడికి మారాయి. “మా నాన్న పదేళ్లుగా ఇదే రైలు ఎక్కుతున్నాడన్నా” అనే ధీమాతో మెజెస్టిక్‌కి వెళ్లినవాళ్లు, అక్కడ బోర్డులో బండి పేరే కనపడక నాకు ఫోన్ చేస్తారు. సాయంత్రం ఆరున్నరకు మెజెస్టిక్ నుంచి బైయప్పనహళ్లికి ఆటోలో పోవడమంటే ఆ రైలు మీద ఆశ వదులుకోవడమే.

టిక్కెట్టు మీద స్టేషన్ పేరు పక్కనే మూడు నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది. ఎస్‌బీసీ అంటే మెజెస్టిక్ దగ్గరి కేఎస్ఆర్. వైపీఆర్ అంటే యశ్వంతపుర. ఎస్ఎంవీబీ అంటే విశ్వేశ్వరయ్య టెర్మినల్. కేజేఎం అంటే కృష్ణరాజపురం. చూడాల్సింది ఆ కోడే.

ఇందులోనే ఇంకో ఉచ్చు ఉంది. “బైయప్పనహళ్లి మెట్రో దిగితే ఎదురుగానే టెర్మినల్” అని చాలామంది చెబుతారు. మెట్రో పక్కనున్నది బైయప్పనహళ్లి అనే చిన్న పాత స్టేషన్. పెద్ద టెర్మినల్‌కి అక్కణ్నుంచి మళ్లీ ఆటోనో బస్సో ఎక్కాలి. నాలుగు బ్యాగులు, ఒక బియ్యం మూట, మోకాళ్ల నొప్పులున్న అమ్మ వెంట ఉంటే ఆ ముక్క ముందే లెక్కలో వేసుకోవాలి.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వాళ్లకు కృష్ణరాజపురమే దగ్గర. బండి అక్కడ ఆగుతుంటే బోర్డింగ్ స్టేషన్ అక్కడికి మార్చుకోవచ్చు. అయితే ఒకసారి మారిస్తే పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది. మార్చకుండా “తర్వాతి స్టేషన్‌లో ఎక్కుతాలే” అనుకుంటే, టిక్కెట్లు చూసే టీటీఈ మిమ్మల్ని రాలేదని రాసేసి, బెర్తు ఆర్‌ఏసీ వాళ్లకు (సగం బెర్తు మాత్రమే దొరికినవాళ్లకు) ఇచ్చేస్తాడు. ఆయనతో గొడవపడి లాభం లేదు, రూలు ఆయన వైపే ఉంది. దిగే చోటు కూడా చూసుకోండి. యశ్వంతపుర వందే భారత్ వెళ్లేది కాచిగూడకు. కారు పంపేవాళ్లు సికింద్రాబాద్‌లో నిలబడితే ఎవరి తప్పు?

అపోహ: “వెయిటింగ్ లిస్టయినా ఎక్కేస్తే టీటీఈ ఏదో ఒకటి సర్దుతాడు.”

ఆన్‌లైన్ టిక్కెట్టులో అందరూ వెయిటింగ్‌లోనే మిగిలిపోతే, చార్టు (ఎవరికి ఏ బెర్తో తేల్చే చివరి జాబితా) తయారయ్యాక అది దానంతటదే రద్దయి డబ్బులు వెనక్కొస్తాయి. ఆ తర్వాత ఎక్కితే మీరు టిక్కెట్టు లేని ప్రయాణికులే. కౌంటర్లో తీసిన వెయిటింగ్ టిక్కెట్టుతోనూ స్లీపర్‌లో, ఏసీలో ఎక్కనివ్వరు. ఆర్‌ఏసీ వేరు, దాంతో ధైర్యంగా ఎక్కొచ్చు. కాకపోతే సైడ్ లోయర్ మీద ఇంకొకరితో సర్దుకుని కూర్చోవాలి.

చాలామందికి తెలియని మంచి రూలు ఒకటుంది. మీరెక్కే స్టేషన్‌కి బండి 3 గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే మొత్తం డబ్బు తిరిగొస్తుంది. కానీ ఆ బండి బయల్దేరకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోసం పెట్టే దరఖాస్తు) వేయాలి. ఇంటికెళ్లి, స్నానం చేసి, తీరిగ్గా వేస్తే రాదు.

అపోహ: “ఏజెంటుకి ఇస్తే తత్కాల్ పక్కా.”

ఇది మా వృత్తి గుట్టే, అయినా చెబుతున్నాను. తత్కాల్ ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు తెరుస్తారు. 2025 జులై నుంచి మొదటి అరగంట అధీకృత ఏజెంట్లు బుక్ చేయడానికి వీల్లేదు. ఆన్‌లైన్‌లో తీసేవాళ్లకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి. అంటే సీట్లు ఎగిరిపోయే సమయంలో నా చేతులు కట్టేసి ఉంటాయి. “నేను పక్కాగా తీసిస్తా” అని అదనంగా వసూలు చేసేవాడు ఎవరిదో సొంత ఐడీ వాడుతున్నట్టే. పట్టుబడితే టిక్కెట్టు పోయేది మీది. మీ ఆధార్‌ని రైలు టిక్కెట్లు తీసే ఐఆర్‌సీటీసీ ఖాతాకు జోడించుకుని మీరే తీసుకోండి. నాకు కమిషన్ పోతుంది, సరే.

అపోహ: “మారతహళ్లిలో పికప్ అంటే మారతహళ్లిలో ఎక్కడ నిలబడినా ఆపుతారు.”

సిల్క్ బోర్డు వైపు నుంచి వచ్చే బస్సు రింగ్ రోడ్డులో ఒక పక్కనే వస్తుంది. కళామందిర్ దగ్గర అవతలి పక్క నిలబడి, డ్రైవర్‌కి ఫోన్‌లో “నేనిక్కడే ఉన్నానన్నా” అంటే ఆయనకు కనిపించరు. శుక్రవారం సాయంత్రం బ్యాగులతో ఆ రోడ్డు దాటడం పది నిమిషాల పని. బస్సు ఆగేది రెండు నిమిషాలు. సాయంత్రం వచ్చే మెసేజ్‌లో బస్సు నంబరు, పికప్ గుర్తు ఉంటాయి. బస్సు మీద కంపెనీ పేరు వేరే ఉన్నా కంగారు పడొద్దు, నంబరు కలుస్తోందా లేదా చూడండి.

ఎక్కాక చూడాల్సింది ఇంకొకటి. ఇది చెబితే “శుభమా అని ఊరెళ్తుంటే ఏంటన్నా ఈ మాటలు” అంటారు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వస్తున్న స్లీపర్ బస్సు కర్నూలు దాపున చిన్నటేకూరు వద్ద కాలిపోయింది. రెండూ మనం ఎక్కే రూటే, రెండూ తెల్లవారకముందే. దుప్పటి కప్పుకునే ముందు అత్యవసర ద్వారం ఏ పక్కన ఉందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో ఒకసారి కళ్లతో చూడండి. అద్దం మధ్యలో కొడితే అంత తేలిగ్గా పగలదు, మూల దగ్గర కొట్టాలి. సుత్తి లేకపోతే బస్సు కదలకముందే అడగండి. నడవాలో సూట్‌కేసులు పేర్చనివ్వకండి.

అపోహ: “మన ఫ్లైట్ పిలిచినప్పుడు లేద్దాం.”

బెంగళూరు విమానాశ్రయంలో బోర్డింగ్ పిలుపులు మైకులో వినిపించవు. తెరలు చూసుకోవాల్సిందే. ఇడ్లీ తింటూ, పిలుస్తారులే అని కూర్చున్నవాళ్ల గేటు మూసేస్తారు. దేశీయ విమానాల్లో చాలావాటికి చెక్-ఇన్ 60 నిమిషాల ముందే, గేటు 25 నిమిషాల ముందే మూస్తారు. మారతహళ్లి నుంచి విమానాశ్రయం ఉన్న దేవనహళ్లికి దూరం మ్యాపు ఎంత చూపించినా, దారిలో హెబ్బాళ ట్రాఫిక్ ఎంత చూపిస్తుందో అదీ లెక్క. టెర్మినల్ ఒకటా, రెండా అన్నది క్యాబ్ ఎక్కకముందే చూసుకోండి.

మనవాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి ఇంటిపేరు. ఆధార్‌లో “కె” అని పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టిక్కెట్టులో అసలే లేదు. విదేశానికైతే పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్లాలనుకునేవాళ్లు ముందే సరిచేయించుకోండి. ఒకే పేరున్న పాస్‌పోర్టుల్ని యూఏఈ 2022 నవంబరు నుంచి ఒప్పుకోవడం లేదు.

పచ్చళ్ల సంగతి. కారం పచ్చడి చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర వదిలేయాల్సి వస్తుంది, చెక్-ఇన్ పెట్టెలో గట్టిగా ప్యాక్ చేసి పెట్టండి. ఎండు కొబ్బరి మాత్రం రెండింట్లోనూ వద్దు, అది అంటుకునే సరుకు కింద లెక్క. పవర్ బ్యాంకు దీనికి ఉల్టా: పెట్టెలో వద్దు, చేతి సంచిలోనే ఉండాలి.

అపోహ: “45 పైసల ఇన్సూరెన్స్ పెట్టాం, బండి తప్పినా డబ్బొస్తుంది.”

రాదు. ఆన్‌లైన్‌లో రైలు టిక్కెట్టు తీసేటప్పుడు టిక్ పెట్టే ఆ ఇన్సూరెన్స్ ప్రమాదాలకు. మరణిస్తే 10 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 2 లక్షల వరకు. టిక్ పెట్టాక వచ్చే లింకులో నామినీ పేరు నింపండి. ఎవరూ నింపరు.

అపోహ: “రీఫండ్ రాకపోతే నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేస్తే సరి.”

వెతికితే మొదట కనిపించే నంబరు దొంగలదే కావచ్చు. వాళ్లు తెలుగులోనే “చెప్పండి మేడమ్” అంటారు, ఒక యాప్ వేసుకోమంటారు, మీ ఫోన్ తెర వాళ్లకు కనబడేలా చేసుకుంటారు. మీకు రావాల్సింది ఎనిమిది వందలు, ఖాతాలో పోయేది ఎనభై వేలు. రీఫండ్ టిక్కెట్టు తీసిన ఖాతాకే వస్తుంది, దానికి ఓటీపీ, పిన్ ఎవరూ అడగరు. రైలుకి సంబంధించిన ఏ ఫిర్యాదుకైనా 139. బస్సుకి, విమానానికి టిక్కెట్టు తీసిన యాప్‌లోపలే సహాయం అన్న చోట అడగండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కొడుక్కి చెప్పాలా వద్దా అని తెల్లారేదాకా ఆలోచిస్తూ కూర్చుంటే ఆ డబ్బు ఖాతాలు మారి, ఆపడానికి ఏమీ మిగలదు.