కంచ గచ్చిబౌలి: 2004లో ఎవరూ చూడని అడవి

హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను తెలంగాణ ప్రభుత్వం ఐటీ పార్కుకు వేలం వేయాలనుకోవడంతో 2025లో గొడవ రాజుకుంది. 2025 ఉగాది నాడు బుల్డోజర్లు దిగడం, విద్యార్థులను పోలీసులు లాక్కెళ్లడం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించడం అందరికీ తెలిసినవే. అసలు తప్పు జరిగింది మాత్రం 2004లో.

1974లో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌కు 2,300 ఎకరాలకు పైగా ఇచ్చారు కానీ యాజమాన్య హక్కు రాసివ్వలేదు. 2004లో చంద్రబాబు ప్రభుత్వం అందులో 400 ఎకరాలు తీసుకుని, స్టేడియాలు కడతామన్న ఐఎంజీ భారత సంస్థకు కేటాయించింది. బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామని ప్రభుత్వం చెబుతోంది. లెక్కంతా ఎకరాల్లోనే జరిగింది. ఆ నేలలో ఏం పెరుగుతోందో ఎవరూ అడగలేదు.

నిజానికి అడగాల్సిన బాధ్యత అప్పటికే ఉంది. ప్రభుత్వ రికార్డుల్లో అడవి అని రాసి లేకపోయినా, యజమాని ఎవరైనా, చూస్తే అడవిలా ఉన్నది అడవేనని 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి భూములను గుర్తించడానికి నెలలోగా కమిటీలు వేయమని రాష్ట్రాలను ఆదేశించింది. 2004 నాటి కాగితాల మీద ఈ ప్రశ్న వేసి ఉంటే ఇవాళ ఈ టెన్షన్ ఉండేదే కాదు.

2006లో వైఎస్ ప్రభుత్వం కేటాయింపును రద్దు చేసింది. ఆ రద్దు మీద కేసు 2024 దాకా నడిచి, చివరికి ప్రభుత్వమే గెలిచింది. ఇన్నేళ్లూ అక్కడ ఎవరూ ఇటుక పెట్టలేదు కాబట్టి చెట్లు దట్టమయ్యాయి. జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు అక్కడే బతికాయి. తెలంగాణ ప్రభుత్వం మాత్రం అదే పాత కాగితం పట్టుకుని ఐటీ పార్కుకు వేలం అంది. ఈ భూమి మాది, ఎన్నడూ అడవిగా నోటిఫై కాలేదు, ఉద్యోగాలొస్తాయి: ప్రభుత్వ వాదన ఇంతే.

విద్యార్థుల దగ్గర ఉన్నది వేరే రకం రికార్డు. క్యాంపస్‌లో ఏళ్లుగా తిరిగి రాసుకున్న జాబితాలో 200కు పైగా పక్షి జాతులున్నాయి. నినాదాల కన్నా ఈ జాబితా, యంత్రాలు దిగిన రోజుల్లో తీసిన వీడియోలే అది ఖాళీ స్థలం కాదని దేశానికి చూపించాయి.

వాతావరణ మార్పు అంటే ధ్రువాల మంచు సంగతే అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, దాంతో కుండపోత వానలు మరింత తీవ్రమవుతాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీలు ఎలా మునిగాయో మనం చూశాం. కాంక్రీటు నిండిన పడమటి నగరంలో వాననీటిని ఇంకించుకుని, ఎండాకాలం చుట్టుపక్కల వేడిని తగ్గించే నేల ఇంకెంత మిగిలింది? విద్యార్థులు అడిగింది ఇదే. నాకు వాళ్ల ప్రశ్నే సరైనదనిపిస్తుంది.

నరికిన దాదాపు 100 ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక ఇమ్మని సుప్రీంకోర్టు ఏప్రిల్ 16న అడిగింది. చేయకపోతే అధికారులు జైలుకు వెళ్లాల్సి వస్తుందని మే నెలలో హెచ్చరించింది.

మిగతా కాలేజీల పిల్లలకు ఇందులో పని ఉంది. దగ్గరున్న చెరువు, గుట్ట, పాత చెట్ల వివరాలు తేదీలతో, ఫోటోలతో ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. చెట్లు కొడుతుంటే వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతి ఉందా అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. ఈ క్యాంపస్‌కు కొద్ది దూరంలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా దక్కింది. కంచ గచ్చిబౌలికీ ఆ హోదా అడగడానికి కావాల్సిన జాబితా విద్యార్థుల చేతిలో ఇప్పటికే ఉంది.